దూదికి అంటని రంగు

సంక్రాంతి నెల దాటిందంటే మా ఆర్మూర్‌లో మనిషి జుట్టు చూసి వయసు చెప్పడం ఎవరివల్లా కాదు. పసుపు ఉడికి, కళ్ళాల్లో ఎండి, పాలిష్ డ్రమ్ముల్లో పడి తిరిగే రోజులవి. డ్రమ్ము తిరుగుతుంటే లేచే దుమ్ము కనురెప్పల మీద, చెవుల వెనక, దువ్వెన పళ్ళ సందుల్లో, చివరికి రొట్టెల పిండిలో కూడా ఉంటుంది. తల నెరిసిన ముసలమ్మా, నల్లటి జడ ఉన్న పడుచుపిల్లా పొద్దుగూకాక ఒకే రంగులో ఇంటిదారి పడతారు. నేను పెళ్ళై వచ్చినప్పటి నుంచి ఆ దుమ్ములోనే కూర్చుని, కొమ్ములు ఒక కుప్పగా, గుండ్రటి గడ్డలు ఒక కుప్పగా ఏరుతున్నాను. నేను చదివింది అయిదో తరగతి వరకే. కానీ ఎవరు ఏ రోజున ఏ చీర కట్టుకుని, ఏ మాట అన్నారో అడిగితే చెబుతాను. ఆ జ్ఞాపకం ఒక్కోసారి వరంలా ఉండదు, నెత్తి మీద మూటలా ఉంటుంది.

ఈ మూటలో అన్నిటికంటే బరువైనది నా బిడ్డ సంగతి. నాకు ఒక్కతే బిడ్డ. ఆమె నాతో నిజం చెబుతోందా, అబద్ధం చెబుతోందా అన్న ఒక్క సంగతి తేల్చుకోలేక నేను ఏళ్ళకేళ్ళు అలసిపోయాను. ఆమె ఇంకా ఎక్కువ అలసిపోయి ఉంటుంది. చిన్నపిల్ల కదా, పైకి చెప్పడం తెలియదు.

ఆమె పుట్టింది మంచి పసుపు సీజన్‌లో. నొప్పులు మొదలైనప్పుడు కూడా నేను కుప్ప దగ్గరే ఉన్నాను. దవాఖానలో నర్సు బిడ్డను తుడిచి మా అత్తమ్మ చేతుల్లో పెట్టింది. జుట్టు చూస్తే ఎర్రగా, కొత్త రాగి చెంబు అంచులా ఉంది. నేను భయపడ్డాను. మా అత్తమ్మ మాత్రం నవ్వింది.

"ఎందుకే గట్ల సూస్తవ్? తొమ్మిది నెలలు కడుపుల ఏసుకొని పసుపుల కూసున్నవ్. నువ్వు పీల్సినదంతా పోరికి పట్టింది. నాలుగు నీళ్ళు పోస్తే పోతది తియ్యి."

అక్కడున్న ఆడవాళ్ళు తలలూపారు. మా ఊళ్ళో అది నమ్మరాని మాటేమీ కాదు. మా చీరలకూ, గోళ్ళకూ, గోడలకూ పట్టిన పసుపు కడుపులో బిడ్డకు పట్టదా?

అత్తమ్మ రోజూ నూనె, పచ్చి పసుపు కలిపి బిడ్డ ఒంటికి రుద్ది స్నానం పోసేది. బిడ్డ ఒళ్ళు చూస్తుండగానే తేటగా వచ్చింది. నేనూ నా భర్తా ఇద్దరమూ నలుపే. ఆమె మాత్రం మా ఇద్దరి మధ్య వేరే ఇంటి పిల్లలా మెరిసేది. వీధిలో ఆడవాళ్ళు వచ్చి, "ఏ పసుపు పెద్దమ్మా, ఏ తోట నుంచి తెచ్చినవ్?" అని మా అత్తమ్మను అడిగేవారు. ఆమె పెద్ద రహస్యంలా గొంతు తగ్గించి చెప్పేది. ఆ రోజుల తర్వాత మా ఇంట్లో ఆమె అంత సంతోషంగా ఉండగా నేను మళ్ళీ చూడలేదు.

బిడ్డ బొద్దుగా ఉంది, పొడుగ్గా పెరుగుతోంది. అంగన్‌వాడీలో తూకం వేసిన ప్రతిసారీ అక్కడి టీచరు మిగతా తల్లులకు మా బిడ్డను చూపించేది. "గిట్ల పెంచాలె" అనేది. రెండేళ్ళు దాటాక ఆ మాట ఆగిపోయింది. మూడో ఏడు వచ్చేసరికి, "అక్కా, జర తగ్గించు తిండి. గిది బొద్దు కాదు" అంది. వాళ్ళంతా మెచ్చుకున్నప్పుడు నేను పొంగిపోయాను కదా, ఇప్పుడు ఆ మాట కూడా నాకే తగిలింది.

ఆకలి అప్పటికే మొదలైంది. ఆకలి అంటే మనందరికీ తెలిసిన ఆకలి కాదు. తిని చెయ్యి కడుక్కుని, ఆ తడి చెయ్యి తుడుచుకునేలోపే మళ్ళీ గిన్నె వైపు చూసేది.

"అమ్మా, ఆకలైతుందే."

"ఇప్పుడే గద తిన్నవ్."

"తిన్న. కని నిండలే."

రోజుకు ఎన్నిసార్లు విన్నానో. మొదట్లో నవ్వేదాన్ని. తర్వాత విసుక్కున్నాను. ఆ తర్వాత నాకు ఆమె గొంతు వినబడితే చాలు, ఒళ్ళు బరువెక్కేది. పొద్దంతా ఎండలో కూర్చుని ఏరి, నడుము పట్టుకుపోయి ఇంటికి వస్తే గుమ్మంలోనే ఆ మాట. ఒక పూట నేను చెప్పులు విప్పకుండా అక్కడే గడప మీద కూర్చుండిపోయాను. లోపలికి పోతే రొట్టె అడుగుతుంది, పెట్టకపోతే ఏడుస్తుంది, పెడితే మళ్ళీ అడుగుతుంది.

ఆరో ఏట రొట్టెల డబ్బాకు తాళం పెట్టాను. బెల్లం, పల్లీలు, పుట్నాలు అన్నీ ఒక రేకుపెట్టెలోకి పోయాయి. దానికీ తాళమే. తాళంచెవి నా కొంగున కట్టుకున్నాను. అప్పుడు ఆమె బియ్యం నమలడం మొదలుపెట్టింది. ఒకనాడు చాప దులిపితే దాని కింద మక్కజొన్న గింజలు దొరికాయి. కోళ్ళకని దాచినవి, ఎండిపోయి రాళ్ళలా ఉన్నవి. పళ్ళతో కొరికి సగం సగం చేసి పెట్టుకుంది.

"గివి ఎందుకు దాసినవే?" అని అడిగాను.

"నేను కాదు. ఎలుక తెచ్చినట్టుంది" అంది.

గింజ మీద చిన్న చిన్న పంటి గాట్లు. ఎలుకవి కావని ఇద్దరికీ తెలుసు. ఆ రోజు నుంచి నాకు ఆమె మాట మీద నమ్మకం పోయింది. బడి సంచి వెతికేదాన్ని. నోరు తెరిపించి వాసన చూసేదాన్ని. బడిలో మధ్యాహ్నం వండిపెట్టే ఆమెను ఆపి, "మా పోరి ఎన్నిసార్లు పెట్టించుకుంది?" అని అడిగేదాన్ని. తల్లి పని కాదది, చెక్‌పోస్టు దగ్గర కూర్చున్నవాళ్ళ పని.

ఆర్మూర్‌లో ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఆయన కాగితం మీద ఏం పెట్టాలో, ఎంత పెట్టాలో రాసిచ్చాడు. చెప్పింది చెప్పినట్టు చేశాను. మూడు నెలలకు మళ్ళీ పోతే బరువు తగ్గలేదు, పెరిగింది. ఆయన కాగితం టేబుల్ మీద పడేసి నా వైపు చూశాడు.

"తల్లి మనసమ్మా, మాకు తెల్వదా? చాటుంగ పెడుతున్నవ్."

"లేదు సార్. ఒట్టు."

"మరి గాలి తిని పెరిగిందా?"

బయటికి వచ్చాక నా భర్త బండి స్టార్ట్ చేయకుండా హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డాడు. ఆయన గూడ్స్ ఆటో నడుపుతాడు, పసుపు బస్తాలు మోస్తాడు, మాట తక్కువ మనిషి. "నువ్వు పెడుతలేవు. మరి ఎట్ల?" అని బిడ్డ వైపు చూశాడు. బిడ్డ నా వెనక్కి జరిగింది. "నేను ఏం తినలే నాన్నా" అంది. ఆ వారం ఆమె నిజంగానే ఏమీ తినలేదేమో. ఎవరం నమ్ముతాం? ఒకసారి ఎలుక మీదికి తోసేసిన పిల్ల కదా.

ఇక పెత్రమాస రోజు సంగతి. పెత్రమాస అంటే చనిపోయిన పెద్దలకు పెట్టుకునే అమావాస్య. ఆ రోజు మా మామయ్యకు ఇష్టమైనవన్నీ వండుతాం. గారెలు, బచ్చలికూర, పాయసం. ఆయన ఫోటో ముందు ఇస్తరి వేసి వడ్డించి, మొక్కి, కాకి ముట్టాక ఇంట్లోవాళ్ళు తినాలి. అప్పటిదాకా ఎవరూ ఎంగిలిపడకూడదు. మా అత్తమ్మ పొద్దున్నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. వడ్డించి, కాకి కోసం ముద్ద పట్టుకుని డాబా మీదికి పోయింది. నేను ఆమె వెనక పోయాను. కాకులు తొందరగా రాలేదు. ఇద్దరం ఎండలో నిలబడి పిలిచాం. దిగి వచ్చేసరికి ఇస్తరిలో గారెలు లేవు. పాయసం సగం ఉంది. బిడ్డ ఫోటో ముందు మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళు నాకుతోంది.

అత్తమ్మ అక్కడే కూలబడింది. "ఓ అయ్యో! నా ఇంటాయనకు పెట్టింది ఎంగిలైపాయె. ఏడాదికి ఒక్కనాడు గద, గాయనను ఉపాసం తోలినవు గద పిల్లా!"

బిడ్డ ఏడవలేదు. మెల్లగా అంది. "తాతకు ఆకలి కాదు గదనే. సచ్చిపోయిండు. నాకైతుంది."

నేను కొట్టాను. ఒక్కటి కాదు. నా చేతికి నొప్పి పుట్టేదాకా కొట్టాను. ఆమె తప్పించుకోలేదు. దెబ్బలు పడుతుంటే కూడా చూపు ఇస్తరి మీదే ఉంది. అది చూసి ఇంకా కోపం వచ్చింది. ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది, ఆ చూపు పొగరు కాదు. అప్పుడు తెలియలేదు.

సాయంత్రం నా భర్త తేల్చి చెప్పాడు. "హాస్టల్ల ఏద్దాం. ఆడ కొలిచి పెడుతరు. నీతోని గాదు, నాతోని గాదు." దసరా సెలవుల తర్వాత చేర్పించాలని మాట అయింది. బిడ్డ గోడకు ఆనుకుని వింటోంది. "ఆడ తాళం ఉంటదా?" అని అడిగింది.

నాతో పాటు పసుపు ఏరే ఆమె ఒకతె ఉంది. మా వెనక గల్లీలో ఉంటుంది, ముస్లిముల ఇంటామె. మా బిడ్డ ఆమెను ఖాలా అని, అంటే వాళ్ళ మాటలో పిన్ని అని పిలుస్తుంది. కుప్ప దగ్గర నేను నోరు విప్పకుండా ఏరుతుంటే ఆమెకు అర్థమైంది.

"క్యా హువా బహెన్, ఇయ్యాల రేడియో బంద్ ఉంది?"

చెప్పాను. హాస్టల్ మాట చెప్పాక ఆమె చేతిలో కొమ్ము కుప్పలో పడేసింది.

"నీకు దిమాక్ ఉందా? పోరికి ఆయాసం వస్తుంది, మెట్లు ఎక్కుతలేదు. హాస్టల్ల ఎవడు సూస్తడు? నిజామాబాద్ దవాఖానల పిల్లల దగ్గర కొత్త డాక్టరమ్మ వచ్చిందంట. మా చెల్లె కొడుకును మంచిగ సూసింది. రేపు పోదాం. నేనొస్త. ఒక్క దినం కూలి పోతే పోయింది."

మరునాడు ముగ్గురం బస్సెక్కాం. బిడ్డ కిటికీ పక్కన కూర్చుని, దారిలో కనబడిన ప్రతి మిర్చి బండినీ తల తిప్పి చూసింది. జక్రాన్‌పల్లి దగ్గర బస్సు ఆగితే ఒకాయన పల్లీల బుట్టతో ఎక్కాడు. నేను కళ్ళు మూసుకున్నాను. ఖాలా ఆయన్ను ముందు డోర్ నుంచే దింపేసింది. "పోవయ్యా, ఈడ ఎవ్వరికి నోట్ల పండ్లు లెవ్వు."

డాక్టరమ్మ వయసులో నాకంటే చిన్నది. బిడ్డను తూచింది, పొడుగు కొలిచింది. నేను అన్నీ ముందే ఒప్పేసుకున్నాను. "అన్నం తగ్గిస్తున్న మేడమ్, తాళం ఏస్తున్న, ఇది దొంగతనంగ తింటది" అని ఏకరువు పెట్టాను. ఆమె నా మాట వింటూనే బిడ్డ జడ చేతిలోకి తీసుకుంది.

"అమ్మా, జుట్టుకు రంగేసిన్రా? గోరింటాకు?"

"లేదు మేడమ్. పసుపు దుమ్ము."

"ఇప్పుడు పసుపు సీజన్ కాదు గదా?"

"మేము గోడౌన్ల ఏడాది పొడుగు ఏరుతం మేడమ్. నా కొంగుకు, నా జుట్టుకు ఉంటది. రోజు పక్కల పండుకుంటది గద, దానికి అంటుతది. పుట్టినకాడికెంచి గిదే రంగు."

ఆమె దూది ముద్ద తీసి స్పిరిట్‌లో ముంచింది. నా పాపిట పక్కన వెంట్రుకలు పట్టుకుని గట్టిగా తుడిచింది. దూది పసుపుపచ్చగా వచ్చింది. ఖాలా నవ్వింది. "నాది సూడు మేడమ్, నాది ఇంక మస్తుంటది" అని బుర్ఖా పక్కకు జరిపి తల వంచింది. ఆమె దూదీ పచ్చగానే వచ్చింది. డాక్టరమ్మ కూడా నవ్వింది. తర్వాత కొత్త దూది తీసుకుని బిడ్డ జడ పైనుంచి కిందిదాకా తుడిచింది. తిప్పి మళ్ళీ తుడిచింది.

దూది తెల్లగానే ఉంది.

నేను ఆ దూది చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూశాను. ఎక్కడా చుక్క లేదు. ఆమె బిడ్డ పాపిట విడదీసి కుదుళ్ళు చూపించింది. లోపలి నుంచే ఎర్రటి గోధుమ రంగు. "ఇది అంటుకున్నది కాదమ్మా. లోపలికెంచి వస్తున్నది" అంది. పుట్టినప్పటి నుంచి ఆ తల నా చేతులతో దువ్వాను, పేలు చూశాను, నూనె పెట్టాను. ఒక్కరోజు కూడా కుదుళ్ళు చూడలేదు. చూడాలని తోచలేదు. మా ఊళ్ళో ఎవరికీ తోచదు.

డాక్టరమ్మ నా భర్త ఒంటి రంగు, జుట్టు రంగు అడిగింది, బిడ్డ ఒంటి తేట గురించి అడిగింది. అత్తమ్మ పసుపు స్నానాల సంగతి చెప్పాను. "పసుపుకు గంత బలం ఉంటే ఆర్మూర్‌ల అందరు తెల్లగుండాలె గదమ్మా" అంది. ఆ మాట మాకు ఎప్పుడూ ఎందుకు తట్టలేదో.

రక్తం తీసుకున్నారు. బిడ్డదీ, నాదీ, తర్వాత నా భర్తదీ. హైదరాబాద్ పంపించాలి, చాలా నెలలు పడుతుంది అన్నారు. "అప్పటిదాంక హాస్టల్‌కు తోలకున్రి" అని డాక్టరమ్మ చెప్పింది. నా భర్త ఒప్పుకున్నాడు. ఇష్టంతో కాదు, ఎదిరించే ఓపిక లేక.

ఎదురుచూసిన ఆ నెలలు నాకు అన్నిటికంటే బరువైనవి. నమ్మాలా వద్దా తెలియదు. బిడ్డ ఆకలి అన్నప్పుడల్లా ఆ తెల్ల దూది గుర్తొచ్చేది. రొట్టె ఇవ్వడానికి చెయ్యి పోయేది, తూకం గుర్తొచ్చి ఆగేది. ఆ ఏడాది పంట వచ్చింది, ఉడికింది, ఎండింది, డ్రమ్ములు తిరిగాయి. తడి మట్టిలో కొత్త విత్తనం కూడా పెట్టారు. అప్పుడు ఫోన్ వచ్చింది.

డాక్టరమ్మ ఈసారి నన్నూ, నా భర్తనూ, బిడ్డనూ చాలాసేపు కూర్చోబెట్టుకుంది. ఒక కాగితం మీద రెండు తలుపుల బొమ్మ గీసింది. ఆమె మాటలు నాకు గుర్తున్నవి గుర్తున్నట్టే రాస్తున్నాను.

"మన ఒంట్ల ఒక కబురు తిరుగుతుంటదమ్మా. అది జుట్టు కుదురుకాడి తలుపు కొడితే, నల్లరంగు తయారు చెయ్యిమని అర్థం. మెదడుల ఇంకో తలుపు ఉంటది, ఇద్దరు అక్కచెల్లెండ్ల లెక్క ఉంటయి ఈ తలుపులు. ఆడ కొడితే, ఇగ చాలు, కడుపు నిండింది అని అర్థం. అగూటి అని ఒక ప్రొటీన్ ఉన్నది. అది పోయి తలుపుకు అడ్డం నిలబడుతది. మనందరికి అది చర్మంల కొంచెమే ఉంటది, దాని పని అది చేసుకుంటది. మీ బిడ్డకు పుట్టుకలనే జన్యువుల రాతల ఒక ముక్క రెండుసార్లు రాసుకుపోయింది. దాంతోని అది ఉండకూడని చోట్ల కూడా తయారైతున్నది. కుదురుకాడ అడ్డం నిలబడితే జుట్టు ఎర్రగైంది. మెదడుకాడ నిలబడితే నిండింది అనే కబురు అందుతలేదు. తిన్నది కూడా మనకు ఖర్చయినట్టు ఖర్చు కాదు."

అగూటి. ఆ పేరు మూడుసార్లు అనిపించుకుని నేర్చుకున్నాను. నా రక్తంలో, నా భర్త రక్తంలో ఆ తప్పు లేదట. ఎవరి నుంచీ రాలేదు. ఎవరి తప్పూ కాదని ఆమె రెండుసార్లు చెప్పింది.

"అయితే మందు ఏసుకుంటే పోతదా?" అని నా భర్త అడిగాడు.

ఆమె కలం మూత పెట్టింది. "ఆ తలుపు తట్టే ఇంజెక్షన్ ఒకటి బయటి దేశాలల్ల ఇట్లాంటి వేరే జబ్బులకు ఇస్తున్నరు. మీ బిడ్డకు పని చేస్తదని ఇప్పుడే నేను చెప్పలేను. ఆశ పెట్టి పంపుడు నాకిష్టం లేదు. కొలిచి పెట్టాలె, నడిపించాలె, షుగర్ చూపిస్తుండాలె. తాళం కూడా తియ్యకున్రి. కని తాళం ఎందుకో బిడ్డకు చెప్పున్రి. శిక్ష కాదని చెప్పున్రి."

బిడ్డ అప్పటిదాకా ఆ బొమ్మనే చూస్తోంది. తలెత్తి, "మరి నేను అబద్ధం చెప్తలేనని రాసిస్తరా మేడమ్?" అంది. డాక్టరమ్మ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. అదే కాగితం వెనక, ఈ పాపకు ఆకలి నిజంగానే అవుతుంది అని తెలుగులో రాసి ఇచ్చింది. బిడ్డ దాన్ని నాలుగు మడతలు పెట్టి జామెట్రీ బాక్సులో పెట్టుకుంది.

ఇంటికి వచ్చి అత్తమ్మకు చెప్పాను. ఆమెకు సగం అర్థమైంది, సగం కాలేదు. "అంటే నా పసుపుతోని తెల్లగ కాలేదా?" అని అడిగింది. కాలేదన్నాను. "ఊరందరికి చెప్పుకుంటి గదనే" అంది. పాపం, ఆమెకు ఆ నొప్పి ఆమెది. కాసేపటికి తనే లేచి బిడ్డ తల మీద చెయ్యి వేసింది. "మీ తాత ఏమనుకోడు తియ్యి. ఆయనకు కూడా గారెలంటే పానమే" అంది. క్షమించడం ఆమెకు అలాగే వచ్చు.

నా భర్తకు కోపం రెండు రోజులు పోలేదు. "తొమ్మిది నెలలు తిరిగితిమి. గీ డాక్టరమ్మ కూడ తక్కువ తినాలెననే అన్నది, ఆ సారు కూడ గదే అన్నడు. మరి కొత్త ఏముంది?"

"పోరి దొంగ కాదు. గది కొత్త" అన్నాను.

ఆ తర్వాత హాస్టల్ మాట మళ్ళీ రాలేదు.

జబ్బుకు పేరు దొరికితే అలసట తగ్గుతుందని అనుకున్నాను. తగ్గలేదు. ఆకలి అలాగే ఉంది. రొట్టెలు లెక్కపెట్టి చేయాలి, పొద్దున్నే నడిపించాలి, వీధిలో, "గంతగనం ఉన్నదేందే నీ బిడ్డ?" అనేవాళ్ళకు రోజూ జవాబు చెప్పాలి. బడికి పోయి టీచరుకు తలుపుల సంగతి చెప్పబోయాను. సగంలోనే, "సరే అమ్మా, తక్కువ పెట్టండి" అంది ఆమె. వండిపెట్టే ఆమె మాత్రం మొత్తం విన్నది. ఇప్పుడు బిడ్డకు పప్పు, కూర ఎక్కువ వేసి అన్నం తగ్గిస్తుంది, అందరి ముందూ ఏమీ అనకుండా. ఒక్కరైనా విన్నారు.

నేను చేసిన పెద్ద మార్పు చిన్నదే. సంచి వెతకడం మానేశాను. నోటి వాసన చూడటం మానేశాను. "ఏం తిన్నవ్?" అని అడగడం మానేసి, "ఆకలి ఎంతున్నది?" అని అడుగుతున్నాను. ఆమె చెయ్యి పెట్టి చూపిస్తుంది, పొట్ట దగ్గరా, ఛాతీ దగ్గరా, గొంతు దగ్గరా అని. ఎక్కువ రోజులు గొంతు దగ్గరే చూపిస్తుంది. మొదట్లో ఈ ఆట కూడా ఆమె నమ్మలేదు. నేను ఏదో పట్టుకోవడానికే అడుగుతున్నానని, ప్రతిసారీ "లేదు, ఆకలి లేదు" అనేది. నేను కొట్టిన దెబ్బలు ఒక కాగితంతో పోతాయా? నా మీద నమ్మకం పోయింది ఆమెకు కూడా, నాకు తెలియకుండా. దాన్ని అడిగి తెచ్చుకోలేను. రోజూ అడిగాను, ఏం చెప్పినా సరే అన్నాను.

మొన్న బడి నుంచి వచ్చింది. నేను అప్పుడే గోడౌన్ నుంచి వచ్చి, ముఖం కడుక్కుని, పిండి తడుపుతున్నాను. సంచి దించకుండానే గుమ్మంలో నిలబడింది.

"అమ్మా, ఇయ్యాల మా క్లాసుల ఒకామె పుట్టినరోజు. కేకు తిన్న. రెండు ముక్కలు. ఒకటి ఇచ్చింది, ఒకటి అడుక్కున్న."

నేను అడగలేదు. ఆమె పెదాలు శుభ్రంగా తుడుచుకునే వచ్చింది, చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు. పిండిలో నా చెయ్యి ఆగింది.

"మంచిగుండెనా?"

"మస్తుండె. మీద గులాబి పువ్వుండె క్రీముది. గది నాకే వచ్చింది."

"సరే. అయితే ఇయ్యాల ఒక రొట్టె తక్కువ చేస్త."

"చెయ్యి" అంది. కొంచెం ఆగి, "ఆకలైతే పోలేదే అమ్మా" అంది, చెయ్యి గొంతు దగ్గర పెట్టుకుని.

"తెలుసు బిడ్డా."

ఒక ముద్ద పిండి తీసి పక్కన పెట్టాను. ఆమె సంచి దించి నా పక్కన పీట వేసుకుని కూర్చుంది. నడుము గుంజుతోంది, చేతులు కదలనంటున్నాయి. పెనం మీద రొట్టె పొంగుతుంటే ఆమె రెప్ప వేయకుండా దాన్నే చూస్తోంది. చూడొద్దని నేను అనలేదు.